‘కోర్స్’ అన్న ఇంగ్లిష్ విశేషణాన్ని అర్థం చేసుకుని సరిగ్గా వాడడం ఎలా?

చేతికి తగిలే గుణాన్ని చెప్పే ఇంగ్లిష్ విశేషణాలలో తెలుగువారిని ఎక్కువగా తికమకపెట్టేది ‘కోర్స్’ అని నా అనుభవం. సీ, ఓ, ఏ, ఆర్, ఎస్, ఈ అన్న ఆరు అక్షరాల మాట ఇది. దీని అర్థం కష్టమైనది కాదు. ఈ ఒక్క మాటకు మన దగ్గర వస్తువును బట్టి మారే మాటలు చాలా ఉండడం వల్లనే చిక్కు వస్తుంది. పిండి అయితే బరక అంటాము, బట్ట అయితే ముతక అంటాము, బియ్యమైతే దొడ్డు అంటాము, మాట అయితే మోటు అంటాము. నిఘంటువు తెరిచి ‘ముతక’ అన్న ఒక్క అర్థం రాసుకున్నవారు ఉప్పు దగ్గరకో, ఇసుక దగ్గరకో వచ్చేసరికి ఆగిపోతారు.

కొన్నేళ్ళ క్రితం నేనూ అక్కడే ఆగిపోయాను. విదేశంలో ఉన్న మా మేనకోడలు ఆవకాయ కొలతలు అడిగింది. సరుకులు తెచ్చే ఆమె భర్తకు తెలుగు చదవడం రాదు కనుక మొత్తం ఇంగ్లిష్‌లో రాసి పంపాను. దొడ్డుప్పు అన్నచోట ‘థిక్ సాల్ట్’ అని రాశాను. రెండు రోజుల తరువాత ఆమె ఫోన్ చేసి, “మామయ్యా, థిక్ సాల్ట్ అని ఇక్కడ ఏ కొట్లోనూ లేదట, మామూలు ఉప్పు వేసేయమంటావా?” అని అడిగింది. అక్కడి అరల నిండా కల్లుప్పు పొట్లాలు ఉన్నాయి, వాటి మీద ‘కోర్స్’ అని రాసి ఉంది. నేను రాసిన మాటతో ఆ పొట్లం వారికి దొరికే వీలే లేదు. ఆ రోజు నుంచి ఈ మాటను శ్రద్ధగా గమనిస్తూ వచ్చాను. అలా గమనించిన వరుసలోనే ఈ అడుగులు రాస్తున్నాను.

మొదటి అడుగు: అర్థాన్ని చేత్తో తెలుసుకోండి

వంటింట్లోకి వెళ్ళి ఒక పళ్ళెంలో ఉప్మా రవ్వ, మరొక పళ్ళెంలో మైదా పోసుకోండి. రవ్వను చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాయండి. గింజ గింజా విడివిడిగా వేలికి తెలుస్తుంది, కొంచెం నొక్కితే గుచ్చుకుంటుంది. మైదా అలా కాదు, వేళ్ళ మధ్య జారిపోతుంది, రేణువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. మొదటిది కోర్స్, రెండవది ఫైన్. తరువాత ఒక ముతక తువ్వాలును, మెత్తటి నేత చీర అంచును పక్కపక్కన పెట్టి అరచేతితో రాసి చూడండి. తువ్వాలులో పోగులు లెక్కపెట్టగలిగేటంత లావుగా చేతికి తగులుతాయి.

రవ్వలోనూ తువ్వాలులోనూ ఉన్న ఉమ్మడి గుణమే ఈ విశేషణం అసలు అర్థం. వస్తువు వేటితో తయారైందో, అవి రేణువులైనా, పోగులైనా, వెంట్రుకలైనా, ఒక్కొక్కటీ లావుగా, పెద్దగా ఉంటే ఆ వస్తువు కోర్స్ అవుతుంది. వస్తువు మొత్తం పరిమాణంతో దీనికి సంబంధం లేదు. గుప్పెడు ఇసుక కోర్స్ కావచ్చు, లారీడు ఇసుక ఫైన్ కావచ్చు. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే తరువాతి అడుగులు తేలిక.

రెండవ అడుగు: మీ తెలుగు మాటను ముందుగా పలకండి, తరువాత ఇంగ్లిష్‌కు రండి

ఇంగ్లిష్ వాక్యం రాయబోయే ముందు ఆ వస్తువును మీ ఇంట్లో ఏమంటారో పలకండి. మసాలా వడకు నానబెట్టిన శనగపప్పును ‘బరకగా’ రుబ్బుతాము. అల్లం, మిరపకాయలు ‘కచ్చాపచ్చాగా’ దంచుతాము. కోస్తాలో కల్లుప్పు, తెలంగాణలో దొడ్డుప్పు, మరికొన్ని చోట్ల రాళ్ళ ఉప్పు అంటారు. స్లాబు పనికి మేస్త్రీ ‘దొడ్డు ఇసుక’ తెప్పించమంటాడు, గోడ పూతకు ‘సన్న ఇసుక’ కావాలంటాడు. ఈ మాటలన్నిటికీ ఇంగ్లిష్‌లో కోర్స్ సరిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెలుగులోని ‘దొడ్డు’ను చూసి ‘థిక్’ అనీ, ‘బిగ్’ అనీ రాయకండి. థిక్ అన్నది మందానికీ చిక్కదనానికీ చెందిన మాట. పుస్తకం థిక్, గోడ థిక్, పప్పుచారు థిక్. ఉప్పు గింజకు ఆ మాట కుదరదు. దొడ్డు బియ్యాన్ని ‘థిక్ రైస్’ అంటే వినేవారికి అన్నం గంజిలా ఉడికిందేమో అన్న అనుమానం కూడా కలగవచ్చు. ‘కోర్స్ రైస్’ అనండి, సన్న బియ్యాన్ని ‘ఫైన్ రైస్’ అనండి. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204, అంటే మనం సాంబ మసూరి అని పిలిచే రకం, ఫైన్ రైస్‌కు తెలుగువారందరికీ తెలిసిన ఉదాహరణ. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో సన్న బియ్యం ఇవ్వడం మొదలైనప్పుడు ఇంగ్లిష్ పత్రికలు రాసింది కూడా ఫైన్ రైస్ అనే.

మూడవ అడుగు: వ్యతిరేక పదంతో పరీక్షించండి

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చిన పరీక్ష ఇది. మీరు చెప్పదలచిన వస్తువుకు వ్యతిరేకం ఏమిటో ఆలోచించండి. వ్యతిరేకం ‘సన్నం’, ‘మెత్తటి పొడి’, ‘నాజూకు’ అయితే ఇంగ్లిష్‌లో అది ఫైన్, కాబట్టి మీకు కావలసిన మాట కోర్స్. వ్యతిరేకం ‘నున్నగా’ అయితే ఇంగ్లిష్‌లో అది స్మూత్, అప్పుడు మీకు కావలసింది చాలా సందర్భాల్లో ‘రఫ్’.

రోడ్డు సంగతి చూడండి. గతుకుల రోడ్డుకు వ్యతిరేకం సన్నటి రోడ్డు కాదు, నున్నటి రోడ్డు. అందువల్ల ‘రఫ్ రోడ్’ అనాలి, ‘కోర్స్ రోడ్’ అనకూడదు. చెక్కని బండరాయి, చిత్రిక పట్టని చెక్క, పిల్లి నాలుక, ఇవన్నీ రఫ్. ఇక్కడ మనం పైతలం గురించి మాట్లాడుతున్నాము, లోపలి రేణువుల గురించి కాదు. తెలుగులో ‘గరుకు’ అన్న మాట ఈ రెండు వైపులా వాడుకలో ఉంది కనుక, గరుకు అనిపించినప్పుడల్లా ఒక క్షణం ఆగి, గరుకుగా ఉన్నది పైతలమా, లేక గింజా పోగూనా అని ప్రశ్నించుకోవాలి. చర్మం విషయంలో మాత్రం రెండు మాటలూ చెల్లుతాయి. పని చేసి చేసి కాయలు కాచిన చేతులను రఫ్ అనవచ్చు, మందంగా, పెద్ద రంధ్రాలతో బరువుగా కనిపించే చర్మాన్ని కోర్స్ అనవచ్చు.

ముతక బట్టను థిక్ అనుకోవడం మరొక సాధారణమైన పొరపాటు. ముతకదనం వేరు, మందం వేరు. లావు పోగుతో దూరదూరంగా నేసిన గుడ్డ వెలుతురు కనిపించేటంత పలచగా ఉండి కూడా ముతకే. సన్నటి పోగును దట్టంగా నేసిన దుప్పటి మందంగా ఉండి కూడా ముతక కాదు.

నాలుగవ అడుగు: అక్షరాలు సరిచూసుకోండి

పాఠ్యక్రమం, దారి, భోజనంలో ఒక వంతు అన్న అర్థాలు గల మరొక ‘కోర్స్’ ఉంది. ఉచ్చారణలో రెండింటికీ తేడా లేదు. రాతలో మాత్రం మన విశేషణానికి మూడవ అక్షరం ఏ, ఆ నామవాచకానికి మూడవ అక్షరం యూ. పుట్టుకలో రెండూ ఒకటే అయి ఉంటాయని నిఘంటుకారులలో ఎక్కువమంది భావిస్తారు. ‘మామూలుగా నడిచే తీరు’ అన్న భావం నుంచి ‘మామూలు రకం’ అన్న అర్థం వచ్చి, మామూలు రకం బట్ట ముతకగా ఉంటుంది కనుక ‘ముతక’ అన్న అర్థం స్థిరపడి, కాలక్రమంలో అక్షరాలు వేరుపడ్డాయని వారి వివరణ.

గుర్తుంచుకోవడానికి నేను పిల్లలకు చెప్పే ఉపాయం ఒకటి ఉంది. సాండ్, సాల్ట్, గ్రెయిన్, హెయిర్, ఫ్యాబ్రిక్, లాంగ్వేజ్ అన్న మాటలను ఇంగ్లిష్ అక్షరాలలో రాయించండి. ఈ విశేషణం ఎక్కువగా అతుక్కునే ఈ ఆరు మాటలలోనూ ఏ అక్షరం ఉంది. కాబట్టి వీటి ముందు వచ్చే కోర్స్‌లోనూ ఏ ఉంటుందని చెబితే పిల్లలు మరచిపోరు.

ఇళ్ళ నిర్మాణంలో పనిచేసేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒకే అంచనా పత్రంలో రెండు మాటలూ వస్తాయి. కంకరను ‘కోర్స్ ఆగ్రిగేట్’ అంటారు, అది ఏ అక్షరంతో రాయాలి. ఇటుకల వరసను ‘బ్రిక్ కోర్స్’ అంటారు, పునాది మీద చెమ్మ ఎక్కకుండా వేసే పొరను ‘డ్యాంప్ ప్రూఫ్ కోర్స్’ అంటారు, ఈ రెండూ యూ అక్షరంతో రాయాలి. రెండూ ఇంగ్లిష్‌లో ఉన్న మాటలే కనుక కంప్యూటర్‌లో అక్షరదోషాలు సరిచూసే సాధనం కూడా దీన్ని పట్టుకోలేకపోవచ్చు, మీ కన్నే పట్టుకోవాలి.

దీనికి దగ్గరగా వినిపించే ‘హోర్స్’ అన్న విశేషణం వేరు. అది బొంగురుపోయిన గొంతుకు వాడే మాట. జలుబు చేసిన మనిషి గొంతు హోర్స్ అవుతుంది, కోర్స్ కాదు.

అయిదవ అడుగు: వాక్యంలో మాట రూపాన్ని మార్చడం నేర్చుకోండి

నామవాచకం ముందు కోర్స్ అలాగే నిలుస్తుంది: కోర్స్ సాల్ట్, కోర్స్ హెయిర్. పోలికలో కోర్సర్, కోర్సెస్ట్ అవుతుంది, ‘మోర్ కోర్స్’ అనవలసిన పని లేదు. ముతకదనం కోర్స్‌నెస్. ముతకబారడం, ముతకబార్చడం అన్న క్రియకు ‘కోర్సెన్’ అన్న రూపం ఉంది.

వంట రాసేవారికి ఎక్కువ అవసరమయ్యేది ‘కోర్స్‌లీ’ అన్న క్రియావిశేషణం. రుబ్బడం, దంచడం, తరగడం అన్న పనులను వర్ణించేటప్పుడు ఇదే రావాలి. బరకగా పొడి చేసిన మిరియాలు ‘కోర్స్‌లీ గ్రౌండ్ పెప్పర్’. మన వంటల రాతల్లో తరచు కనిపించే ‘కోర్స్ గ్రైండెడ్’ అన్న ప్రయోగంలో రెండు తప్పులు ఉన్నాయి. క్రియను వర్ణించే చోట విశేషణం పెట్టడం ఒకటి, గ్రైండ్ అన్న క్రియకు గ్రౌండ్ అన్న రూపం ఉండగా ‘గ్రైండెడ్’ అనడం రెండవది. ఇదే మాటను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు కూడా చూసుకోవాలి. ‘కోర్స్‌లీ చాప్డ్ ఆనియన్స్’ అంటే ఉల్లిపాయలను పెద్ద ముక్కలుగా తరగడం. దానిని ‘ముతకగా తరిగిన ఉల్లిపాయలు’ అని అనువదిస్తే తెలుగు వంటింట్లో ఎవరికీ అర్థం కాదు.

ఆరవ అడుగు: మీ వృత్తిలో దాని కొలతను తెలుసుకోండి

ఇంట్లో కోర్స్ అన్నది చేతి అంచనా. వృత్తుల్లో మాత్రం దానికి కొలత ఉంటుంది, ఆ కొలత తెలియకుండా మాటను వాడితే పని చెడుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం 4.75 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచేది కోర్స్ ఆగ్రిగేట్, దాని గుండా జారిపోయేది ఫైన్ ఆగ్రిగేట్. అంటే మేస్త్రీ తెప్పించమన్న దొడ్డు ఇసుక, కోర్స్ సాండ్ అయినప్పటికీ, ఇంజనీరు లెక్కలో ఫైన్ ఆగ్రిగేట్ కిందికే వస్తుంది. ఒకే ఇసుక రాశికి ఒక కాగితంలో కోర్స్ అనీ మరొక కాగితంలో ఫైన్ అనీ ఉంటే కంగారు పడనక్కరలేదు. దేనితో పోల్చి చెప్పారో చూడండి. ఇసుకల మధ్య అది దొడ్డుది, కంకర పక్కన అది సన్ననిది.

అంకెల విషయంలో మరొక మెలిక ఉంది. మిల్లీమీటర్లలో చెప్పినప్పుడు అంకె పెరిగేకొద్దీ కోర్స్ అవుతుంది. గరుకు కాగితం, నూలు, జల్లెడ మెష్ దగ్గర అంకె తగ్గేకొద్దీ కోర్స్ అవుతుంది. 60 నంబరు గరుకు కాగితం కోర్స్, 220 నంబరుది ఫైన్. కారణం ఏమిటంటే, ఈ మూడు చోట్లా అంకె ఒక్కొక్క దాని పరిమాణాన్ని చెప్పదు, నిర్ణీతమైన కొలతలో ఎన్ని పడతాయో చెబుతుంది. నూలునే తీసుకోండి. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే అన్ని కౌంట్లు. పోగు లావైతే తక్కువ చిలపలే వస్తాయి, అందువల్ల 10 కౌంటు నూలు ముతక, 100 కౌంటు నూలు సన్నం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వలుగ చేప దవడతో పత్తిని దువ్వి వడికే 100 కౌంటు నూలును ఒకసారి వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తే, ఖద్దరు అనగానే ముతక అనుకునే అలవాటు వదిలిపోతుంది. ‘ఖాదీ ఈజ్ కోర్స్’ అని పాఠ్యపుస్తకాలలో ఉదాహరణ వాక్యంగా రాయడం నాకు సమంజసంగా తోచదు. ‘దిస్ ఖాదీ ఈజ్ కోర్స్’ అంటే చాలు, ఎదుట ఉన్న గుడ్డ గురించి నిజం చెప్పినట్లవుతుంది.

సైన్సు విద్యార్థులు సూక్ష్మదర్శినికి పక్కన ఉండే రెండు మరలలో పెద్దదానిని కోర్స్ అనీ చిన్నదానిని ఫైన్ అనీ నేర్చుకుంటారు. ఇక్కడ రేణువులు లేవు, కానీ భావం అదే: పెద్ద మర ఒక్కొక్క చుట్టుకు ఎక్కువ దూరం కదిలిస్తుంది, చిన్నది వెంట్రుకవాసి కదిలిస్తుంది. నర్సింగ్ చదివేవారికి ఊపిరితిత్తుల చప్పుళ్ళ దగ్గర ఈ మాట ఎదురవుతుంది. స్టెతస్కోపులో తక్కువ శ్రుతిలో, పెద్దగా, కొంచెం ఎక్కువసేపు వినిపించే చిటపటలు కోర్స్ క్రాకిల్స్. చెవి దగ్గర వెంట్రుకలను రాసినట్లు సన్నగా, క్షణకాలం వినిపించేవి ఫైన్ క్రాకిల్స్. గాలి కాలుష్యంలో 2.5 నుంచి 10 మైక్రాన్ల మధ్య ఉండే ధూళి కణాలు కోర్స్, అంతకంటే చిన్నవి ఫైన్.

ఏడవ అడుగు: మనుషుల గురించీ, తిండి గురించీ వాడేటప్పుడు ఆగి ఆలోచించండి

కోర్స్ అన్న మాటకు మొదటినుంచీ ‘మామూలు రకం’, ‘తక్కువ రకం’ అన్న నీడ ఉంది. మన ‘ముతక’, ‘మోటు’ అన్న మాటలకూ అదే నీడ ఉంది. ‘ముతక సామెత’ అన్నప్పుడు మనం చెప్పేది స్పర్శ కాదు, సభలో పలకకూడదన్న సంగతి. ‘కోర్స్ లాంగ్వేజ్’, ‘కోర్స్ జోక్’ సరిగ్గా ఆ అర్థంలోనివే. మాట తీరును, హాస్యాన్ని అలా అనవచ్చు. కానీ ఒక మనిషిని కోర్స్ అంటే, అతని పెంపకాన్నీ పుట్టిన చోటునూ కలిపి కించపరచినట్లు వినిపిస్తుంది. పల్లెటూరి యాసను వర్ణించడానికి ఈ మాటను వాడకండి. యాస ముతక కాదు, అది ఒక ఊరి మాట.

తిండిగింజల విషయంలో ఈ నీడ ఎంత దూరం వెళ్ళిందో చూడండి. జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, బార్లీ వంటివాటిని ప్రభుత్వ లెక్కలలో దశాబ్దాలపాటు ‘కోర్స్ సీరియల్స్’ అనీ, తెలుగులో ‘ముతక ధాన్యాలు’ అనీ రాశారు. జొన్నరొట్టె, రాగిసంగటి తిని పెరిగిన ఇళ్ళలో పిల్లలు పాఠంలో తమ తిండికి ఆ పేరు చదువుకున్నారు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం జొన్న, సజ్జ, రాగి, ఇతర చిరుధాన్యాలను ‘న్యూట్రి సీరియల్స్’గా గెజిట్‌లో ప్రకటించింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వాటిపై పరిశోధన చేసే జాతీయ సంస్థ హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లోనే ఉంది. కాబట్టి మీరు ఈ రోజు రాసేటప్పుడు ‘మిల్లెట్స్’ అనో ‘న్యూట్రి సీరియల్స్’ అనో రాయండి. పాత గణాంకాలను ఉటంకించేటప్పుడు, మొక్కజొన్ననూ బార్లీనీ కలిపి చెప్పవలసినప్పుడు మాత్రం పాత పేరును అలాగే ఉంచండి, లేకపోతే లెక్కలు కలవవు.

ఎనిమిదవ అడుగు: రాసి చూసుకోండి

ఈ వాక్యాలను ముందు మీరు ఇంగ్లిష్‌లోకి మార్చి, తరువాత నా సమాధానాలతో పోల్చుకోండి. ‘ఈ దుప్పటి పలచగా ఉంది కానీ ముతకగా ఉంది’ అన్నచోట థిన్, కోర్స్ రెండూ రావాలి. ‘గోడ ఇంకా గరుకుగానే ఉంది’ అన్నచోట రఫ్ రావాలి. ‘కందిపొడిని మరీ మెత్తగా కాకుండా కొంచెం బరకగా పట్టించండి’ అన్నదానికి ‘స్లైట్‌లీ కోర్స్’ అందంగా అమరుతుంది. ‘అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది’ అన్నచోట హోర్స్. ‘అమ్మాయి జుట్టు వాళ్ళ నాయనమ్మ జుట్టులా లావు పోగు’ అన్నచోట కోర్స్ హెయిర్ సరైన వర్ణనే అయినా, ఎదుటి మనిషితో అనేటప్పుడు అది నొప్పించవచ్చు కనుక ‘థిక్ స్ట్రాండ్స్’ అనడం మర్యాద.

చివరిగా, మా మేనకోడలికి మరుసటి ఎండాకాలం తిరిగి పంపిన ఆవకాయ కాగితంలో ఉప్పు వరుసను ఎలా మార్చానో చెబుతాను. ‘కోర్స్ సీ సాల్ట్, డ్రైడ్ అండ్ గ్రౌండ్ ఫైన్, మెజర్ ఆఫ్టర్ గ్రైండింగ్’ అని రాశాను. కొట్లో పొట్లం దొరకడానికి కోర్స్ అన్న మాట కావాలి, ఇంట్లో చేయవలసిన పని తెలియడానికి ఫైన్ అన్న మాట కావాలి. దంచక ముందు కొలిస్తే కల్లుల మధ్య ఖాళీ వల్ల అదే గిన్నెలో తక్కువ ఉప్పు పడుతుంది, ఉప్పు తగ్గిన ఆవకాయ బూజు పడుతుంది. అందుకే ఎప్పుడు కొలవాలో కూడా ఆ వరుసలోనే రాయవలసి వచ్చింది. ఈసారి ఆమె ఉప్పు గురించి అడగడానికి ఫోన్ చేయలేదు. జాడీ మూతకు వాసెన కట్టిన ఫోటో పంపింది.